మూడో గదిలో ఊపిరి

బ్వైసే పేటలో పెద్దకాలువ పక్కన మా ఇంటి ఓనరు హజ్జాతి గారి ఆరు గదుల వరసలో నాలుగోది నాది, మూడోది తెయోపిస్తాది. మధ్యలో ఒంటి ఇటుక గోడ. ఆమె గదిలో చెంచా కింద పడితే నా గదిలో వినిపించేది. పదకొండేళ్లు అలా పక్కపక్కన బతికాం కాబట్టి ఆమె గురించి చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటాను. చెప్పబోయే దాంట్లో నేను చేసిన తప్పు కూడా ఉంది. దాన్ని దాచను.

తెయోపిస్తా ఓవినో బజారులో పాతబట్టలు అమ్మేది. చలి దేశాల నుంచి ఓడల్లో వచ్చే మూటల్లోంచి స్వెట్టర్లు, దుప్పట్లు, కర్టెన్లు ఏరుకుని నేల మీద పరుచుకుని కూర్చునేది. గొంతు పెద్దది. "రండమ్మా రండి, దొరసాని ఒక్కసారి తొడిగి విడిచింది, ఒక్క చిరుగు చూపించండి!" అని అరిస్తే మూడు వరసల అవతలికి వినపడేదట. అమ్ముడుపోనిదంతా మూటగట్టి ఇంటికి తెచ్చేది. మంచం కింద మూటలు, మంచం తలవైపు మూటలు, వాటి మీద రేకు కప్పు దాకా మళ్లీ మూటలు. మొగుడు కయెంబా లారీ నడిపేవాడు. చిన్నపిల్ల పాకే వయసులో మసాకాలో ఇంకో ఇల్లు పెట్టుకుని ఇటు రావడం మానేశాడు. ఆ రోజు మేమంతా ఓదార్చడానికి వెళితే తెయోపిస్తా, "ఏడవడానికేముంది, ఇంకో రెండు మూటలకి చోటు దొరికింది," అంది. మేం నవ్వాం. తను నవ్వలేదు.

ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది రెజీనా, చిన్నది నస్సోలో. రెజీనాకి నాలుగో ఏటినుంచే ఛాతీలో పిల్లికూతలు. వానలు మొదలైతే చాలు, తెల్లవారుజామున దగ్గు. ఇంజెక్షనో సిరప్పో పడితే పదిరోజులు బాగుండేది, మళ్లీ మొదటికొచ్చేది. న్యుమోనియా అని ఒకరు, కడుపులో పురుగులని ఒకరు, చల్లనీళ్ల స్నానమని ఒకరు. గది వైపు ఎవరం చూడలేదు. అందరి గదులూ అలాగే ఉండేవి మరి.

రెజీనా ఎనిమిదో ఏట ఏప్రిల్ నెలలో మూడు రోజులు ఎడతెగని వాన. కాలువ పొంగి నీళ్లు గడప దాకా వచ్చాయి. పిల్లకి ఊపిరాడటం లేదని కబురు వెళితే కయెంబా తల్లి వచ్చింది. పిల్లలు ఆవిడని జజ్జా అని పిలిచేవారు, అంటే నాయనమ్మ. వాళ్లని చూసి మేమూ అలాగే పిలిచేవాళ్లం. పిల్ల ముఖం చూడగానే, "ఎవరో దీని ఊపిరి కట్టేశారు," అంది. చీరకొంగులాంటి తన నడికట్టులోంచి ఎండిన ఆకులు తీసి పెంకులో నిప్పుల మీద వేసి మంచం కింద పెట్టింది. గదంతా పొగ కమ్మింది. చలిగాలి తగలకూడదని కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కింది నేను.

రెజీనా మంచం అంచున ముందుకు వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఒక్కసారి తలెత్తి, "అమ్మా, తలుపు," అంది. తలుపు సరిగా మూసే ఉందా అని నేను వెళ్లి చూశాను. గట్టిగా నెట్టి గొళ్లెం పెట్టాను.

పెదవులు నల్లబడ్డాక ఎత్తుకుని బయటికి పరిగెత్తాం. మోకాలి లోతు నీళ్లలో కిరాయి బైకు కదలలేదు. కొంత దూరం మోశాం. ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు గొడుగు పట్టి పిల్ల ముఖం చూసి, నా వైపు చూసి, గొడుగు తెయోపిస్తా మీదికి జరిపాడు.

రెండేళ్లు గడిచాయి. తెయోపిస్తా బజారుకి వెళ్లేది, వచ్చేది. గొంతు మాత్రం తగ్గిపోయింది. వరసలో వాళ్లం అలవాటు కొద్దీ ఆమెని "రెజీనావాళ్లమ్మా" అనే పిలిచేవాళ్లం. మార్చుకుందామని అనుకునేవాళ్లం గానీ నోరు తిరిగేది కాదు.

నస్సోలోకి ఆరో ఏడు వచ్చిన జనవరిలో, ఇంకా కోడి కూయకముందే, గోడ అవతలి నుంచి ఆ కూత విన్నాను. ఈల వేసినట్టు సన్నగా, ఊపిరి వదిలినప్పుడల్లా. ఆ చప్పుడు నాకు తెలుసు. లేచి తలుపు తీసేసరికి తెయోపిస్తా అప్పటికే పిల్లని వీపుకి కట్టుకుని ఉంది.

"జజ్జాకి కబురు పెట్టనా?" అన్నాను.

"ఎవరికీ వద్దక్కా. వస్తే రా, లేకపోతే దారి వదులు."

ప్రభుత్వ క్లినిక్కులో ఆ పూట సిస్టర్ లాకెర్ ఉంది. ఉత్తరాది అచోలీ తెగ మనిషి, పొడగరి. మా లుగాండా భాషని రాళ్లు కొట్టినట్టు మాట్లాడేది. పిల్ల ముఖానికి మందు ఆవిరి పెట్టి, ఊపిరి కాస్త కుదురుకున్నాక స్టూలు లాక్కుని తెయోపిస్తా ఎదురుగా కూర్చుంది.

"పిల్ల దేని మీద పడుకుంటుంది?"

"పరుపు మీద."

"ఎన్నేళ్లది?"

"నా పెళ్లినాటిది."

"ఎండలో ఎప్పుడేశావు?"

"ఎండలోనా? ఎందుకు?"

"మంచం కింద ఏముంది?"

"నా సరుకు. పాతబట్టలు."

"బొద్దింకలు?"

"బ్వైసేలో బొద్దింక లేని కొంప ఎక్కడుంది సిస్టర్?"

"వానొస్తే పొయ్యి ఎక్కడ పెడతావు?"

"లోపలే."

"గోడ చెమ్మగా ఉంటుందా? నల్లగా మచ్చలు?"

"మోకాలి దాకా."

సిస్టర్ లాకెర్ పెద్దగా ఊపిరి వదిలింది. "మందు ఇస్తాను. కానీ సగం జబ్బు ఈ పిల్ల ఛాతీలో ఉంది, సగం నీ గదిలో ఉంది. దుమ్ములో కంటికి కనపడని పురుగులుంటాయి. మన ఒంటి మీంచి రాలే పొట్టు తిని పరుపులో, దిండులో, నీ మూటల్లో పెరుగుతాయి. కుట్టవు, కరవవు. వాటి పెంట ఎండి పొడై లోపలికి పోతే ఇలాంటి పిల్లలకి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. బొద్దింక పెంటా అంతే, గోడ మీది బూజూ అంతే. పొగ సంగతి చెప్పక్కర్లేదు."

నోటితో మందు పీల్చుకునే పంపులు రెండు చేతిలో పెట్టింది. గోధుమరంగుది రోజూ రెండు పూటలా, బాగున్నా సరే. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు. ప్లాస్టిక్ సోడా సీసాకి కింద రంధ్రం చేసి, దాంట్లో పంపు దూర్చి, సీసా మూతి పిల్ల నోట్లో పెట్టి ఎలా పీల్చాలో చూపించింది. "తగ్గింది కదా అని గోధుమరంగుది మానేసి, తర్వాత ఏడుస్తూ రాకు."

తెయోపిస్తా ఆ పంపుల వంకే చూస్తూ, "సిస్టర్, నాకు ఇంకో పిల్ల ఉండేది," అంది. "గదినిండా పొగ పెట్టాం. కిటికీ మూశాం. అంటే మేమే..."

నేను గోడ మీది టీకాల బొమ్మ వైపు తిరిగాను.

"ఆ పిల్లని నేను చూళ్లేదు," అంది సిస్టర్ లాకెర్. "చూడని పిల్ల గురించి నేనేమీ చెప్పను. ఈ పిల్ల నా ముందుంది. ఇంటికెళ్లి మంచం కింద ఖాళీ చెయ్యి."

ఆ సాయంత్రమే ఏడు మూటలూ నా గదిలోకి వచ్చాయి. తీసుకుంటానని నేనే అన్నాను. నాకు పిల్లల్లేరు, ఆయన పోయి చాలా కాలమైంది, అరటికాయలు అమ్ముకునే దానికి గదిలో సామాను ఏముంటుంది. ఏదో ఒకటి మోయాలనిపించింది.

మర్నాటి నుంచి తెయోపిస్తా ఆ గది మీద యుద్ధం మొదలుపెట్టింది. నస్సోలోని వరస చివర కూర్చోబెట్టి, పరుపుని ఎండలో వేసి కర్రతో బాదింది. లేచిన దుమ్ముకి మాకే తుమ్ములు వచ్చాయి. మందపాటి ప్లాస్టిక్ షీటు తెచ్చి పరుపు చుట్టూ కప్పి, అంచులు కుట్టి, కుట్టు మీద టేపు అంటించింది. "అమ్మా, బిస్కెట్ పొట్లం మీద పడుకున్నట్టుంది, కదిలితే చప్పుడు," అని నస్సోలో గోల. చీపురు పక్కన పడేసి తడిగుడ్డతో నేల తుడిచేది. వాన పడుతున్నా పొయ్యి చూరు కిందే, ఒక చేత్తో గొడుగు పట్టుకుని వండేది. ప్రతి శనివారం పెద్ద సత్తు గిన్నెలో దుప్పట్లు మరిగించేది.

"ఏం రెజీనావాళ్లమ్మా, దుప్పట్ల పులుసా? ఉప్పు చూశావా?" అని మొదటి గది ఆవిడ ఎగతాళి.

"గిన్నె తెచ్చుకో. నీ లంగా కూడా వేస్తే చిక్కబడుద్ది."

చాలా కాలానికి ఆ నోరు మళ్లీ విన్నాం.

బొద్దింకల విషయంలో మాత్రం అందరి కాళ్లూ పట్టుకుంది. మందు కొట్టొద్దని, ఆ వాసనకీ పిల్లకి ఆయాసం వస్తుందని సిస్టర్ చెప్పింది. బోరిక్ పొడిని చక్కెరతో, మొక్కజొన్న పిండితో కలిపి ఉండలు చేసి పిల్లల చేతికి అందని మూలల్లో పెట్టాలి. ఒక్క గదిలో పెడితే అవి పక్క గదికి కాపురం మారుస్తాయి. అందుకని ఆరు గదులూ ఒకే రోజు చేయాలని తలుపు తలుపుకీ తిరిగింది. అయిదు గదుల వాళ్లం ఒప్పుకున్నాం. ఆరో గదివాడు, "నా బొద్దింకలు నీ గోల వినలేక ఎప్పుడో చచ్చాయి," అని తలుపేశాడు. గోడల పగుళ్లలో సిమెంటు పూసి, గిన్నెలన్నిటి మీదా మూతలు పెట్టి, తెయోపిస్తా తన వంతు చేసుకుంది.

రెండు నెలల్లో ఆయాసాలు తగ్గాయి. పోలేదు. తెల్లవారుజామున ఆ ఈల ఇంకా వినిపించేది. ఒక రోజు టీకాల పని మీద ఇటుగా వచ్చిన సిస్టర్ లాకెర్ ఎవరూ పిలవకుండానే మూడో గదిలోకి తల వంచి దూరింది. వాసన చూసింది. మంచం కిందికి వంగింది. పరుపు కుట్టు వేలితో తడిమి చూసి తల ఊపింది. ఆఖరికి దిండు ఎత్తింది.

"దీంట్లో ఏముంది?"

"పాతగుడ్డలు," అంది తెయోపిస్తా.

"మూటలన్నీ తీసేశానన్నావు. ఇవి ఎవరివి?"

తలుపు దగ్గర నిలబడ్డ నాకు తెలుసు. రెజీనా బడి స్వెట్టరు, రెండు గౌన్లు, చర్చికి తొడుక్కునే తెల్లగౌను. ఆ పిల్ల పోయిన వారానికే వాటిని ఉతక్కుండా దిండులో కుట్టేసింది. రెండేళ్లుగా నస్సోలో తల కింద అవే ఉన్నాయి.

సిస్టర్ లాకెర్ దిండుని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చుంది. ఆమెకి అర్థమైంది. గొంతు తగ్గించి, "మరిగించు. ఆరాక డబ్బాలో వేసి మూత పెట్టి దాచుకో. తల కింద మాత్రం వద్దు," అంది.

"మరిగిస్తే వాసన పోతుంది సిస్టర్."

"పోతుంది."

సిస్టర్ దిండుని తెయోపిస్తా చేతికిచ్చింది. కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

మర్నాడు గిన్నె పొయ్యి మీదికెక్కింది. స్వెట్టరు రంగు దిగి నీళ్లు పచ్చబడ్డాయి. ఆ రోజు ఎవరూ ఎగతాళి చేయలేదు. మొదటి గది ఆవిడ తన బొగ్గుల బుట్ట తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది. నేను పీట వేసుకుని తెయోపిస్తా పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు కిటికీ మూసింది నేనే."

ఆమె కర్రతో బట్టలు తిప్పుతోంది. "తెలుసు."

"తలుపు అంది పిల్ల. తీయమంది. నేను గొళ్లెం పెట్టాను."

"తీయమందని నాకు ఆ క్షణమే తెలిసిందక్కా. కన్నదాన్ని, నాకు తెలీదా. తెలిసి కూడా మీ అందరి ముందూ లేచి తీయలేకపోయాను. మా అత్తగారు ఏమనుకుంటుందో అని."

చీకటి పడేదాకా బట్టలు తీగ మీద ఆరాయి. ఆరిన బట్టల్ని ఆమె బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టింది. పెట్టే ముందు స్వెట్టరుని ముఖానికి ఆనించుకుని చూసి, మడతపెట్టి మూత వేసింది.

నస్సోలో సంగతి ఎవరు చేరవేశారో, ఈస్టర్‌కి ముందు వారం జజ్జా వచ్చింది. చేతిలో అరటాకు పొట్లం. దాంట్లో ఏముందో విప్పి చూడక్కర్లేదు. తెయోపిస్తా ఎదురెళ్లి గడపలో మోకాళ్ల మీద కూర్చుంది. మాలో కోడలు అత్తగారికి అలాగే దండం పెట్టాలి. దండం పెట్టింది, యోగక్షేమాలు అడిగింది. కానీ గడపలోంచి లేవలేదు. ఇరుకు గుమ్మం, ఆమె మోకాళ్లు దాన్ని నిండా మూసేశాయి.

"లే, లోపలికి వెళ్లనీ," అంది జజ్జా.

"మీరు రండమ్మా. ఆ పొట్లం రాకూడదు."

"నా కొడుకు బిడ్డకి నేను వైద్యం చేయకూడదా?"

"నీళ్లు తాగండి, అన్నం తినండి, పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి. పొగ మాత్రం నా గదిలో లేవదు."

"ఇదివరకటి దాన్ని పొట్టనబెట్టుకున్నావు, ఇప్పుడు దీన్నీ..."

"అవునమ్మా," అంది తెయోపిస్తా, తల వంచుకునే. "అందుకే."

వరసంతా బయటికి వచ్చి నిలబడింది. జజ్జా అరుస్తుందనుకున్నాం. ఆవిడ గోడకి చేయి ఆనించి మెల్లగా నేల మీద కూలబడింది. "కయెంబాకి ముందు నాకు ఇద్దరు," అంది. "ఒక ఆడ, ఒక మగ. ఇద్దరికీ ఇదే కూత. ఇద్దరికీ ఈ ఆకులే వేశాను."

తెయోపిస్తా తలెత్తింది. "మరి మళ్లీ ఎందుకు తెచ్చారమ్మా?"

"నాకు ఇంకేం తెలుసు? మా అమ్మ ఇదే చూపించింది."

సాయంత్రం దాకా బయటే కూర్చుంది. నస్సోలో వెళ్లి ఒళ్లో తలపెట్టుకుంటే వీపు నిమిరింది. వెళ్తూ పొట్లాన్ని పారేయలేదు, తనతోనే తీసుకుపోయింది. క్షమించమని అడగలేదు. మళ్లీ మా వరసకి రాలేదు. మరుసటి ఏడు పోయిందని విన్నాం.

మిగిలింది గోడ. ఎంత గీకినా, సబ్బునీళ్లతో ఎంత తోమినా వారానికల్లా నలుపు తిరిగొచ్చేది. మంచాన్ని గదికి అడ్డంగా జరిపి గోడకి దూరంగా వేసింది. కాలువ వైపు చిన్న కట్ట కట్టిస్తే, పునాదిలోకి నీళ్లు దిగకపోతే తగ్గుతుందని హజ్జాతిని అడిగింది.

"పిల్లకి జబ్బంటే ఒప్పుకుంటాను," అంది హజ్జాతి. "నా గోడకి జబ్బంటావేంటి? ఇరవయ్యేళ్లుగా ఎంతమంది ఉన్నారు, ఎవరైనా ఆ మాటన్నారా?"

"అనకుండానే పోయారేమో హజ్జాతీ."

ఆ మాటే కొంప ముంచింది. అందులోనూ మే నెలలో వరద వచ్చింది. నా గది నేల మిగతా వాటికన్నా జానెడు పల్లం. నేను బజారు నుంచి వచ్చేసరికి ఏడు మూటల్లో అయిదు మురుగునీళ్లలో నానుతున్నాయి. రెండు రోజుల్లో బూజు పట్టి, చేత్తో లాగితే చినిగిపోయాయి. పదిహేనేళ్ల వ్యాపారం కాలువ గట్టు మీద కుప్పగా పడుంది. నేను ఏడుస్తుంటే తెయోపిస్తా నా భుజం పట్టి ఊపి, "అక్కా, అవి నా గదిలో ఉండి తడిస్తే పిల్ల వాటి మధ్య పడుకునేది. ఊరుకో," అంది. కానీ ఆ కుప్ప పక్కనుంచి నడవాల్సి వచ్చినప్పుడల్లా ముఖం తిప్పుకునేది.

వరద తగ్గాక వరసలో వాళ్లమంతా కట్ట కట్టించమని హజ్జాతిని అడిగాం. ఈ గొడవంతటికీ తెయోపిస్తాయే మూలమని ఆవిడ తేల్చింది. నెలాఖరుకి గది ఖాళీ చేయమంది. మిగతా మేం అయిదుగురం ఆ తర్వాత నోరెత్తలేదు. ఎత్తి ఉండాల్సింది.

నన్సానా వైపు కొండ మీద ఒక గది దొరికింది. చిన్నది, ఎండ పడుతుంది, గోడ పొడిగా ఉంటుంది. నీళ్లకి మాత్రం కిందికి దిగి ఎక్కాలి. మళ్లీ పాతబట్టల జోలికి పోలేదు. పెట్టుబడీ లేదు, ఆ దుమ్ము ఇంటికి తెచ్చే ధైర్యమూ లేదు. ఇళ్లలో బట్టలు ఉతికే పనికి కుదిరింది. ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో నాని వేళ్ల సందులు చీరుకుపోయాయి. ఓవినోలో మూడు వరసల అవతలికి వినిపించిన గొంతు ఇప్పుడు కొండెక్కి వచ్చాక కాసేపు అసలు పలకదు. ఇన్నేళ్ల మూటల దుమ్ము తన ఛాతీలోనూ ఉందేమో చూపించుకోమని సిస్టర్ లాకెర్ రెండుసార్లు చెప్పింది. "పిల్ల పంపులు అయిపోకుండా చూస్తే చాలు," అంటుంది.

నస్సోలోకి ఇప్పుడు పదమూడు. పిల్ల బతికింది. ఆ కొండ ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగుతుంది. ఒకసారి బడిలో పంతులమ్మ ఆటవస్తువనుకుని పంపు లాక్కుంటే, తెయోపిస్తా ఉతుకుతున్న బట్టలు అలాగే వదిలేసి తడిచేతులతో వెళ్లి తరగతి ముందు నిలబడిందట. అయినా పోయిన సెప్టెంబరులో మూడు రోజులు ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. పక్కింట్లో ఎవరో గోడలకి రంగు వేయిస్తే ఆ వాసన పడలేదు. ఎంత చేసినా పక్కవాడి ఇల్లు మన చేతిలో ఉండదు కదా.

ఆసుపత్రి నుంచి వచ్చిన శనివారం చూడ్డానికి వెళ్లాను. నస్సోలో మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. బయట గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.

"అమ్మా," అంది పిల్ల. "ఇన్ని మరిగించావు, ఇంత తుడిచావు. నాకు ఎప్పటికీ నయం కాదు కదా?"

నేనైతే ఏదో ఒక అబద్ధం చెప్పేదాన్ని. తెయోపిస్తా గుమ్మం దగ్గర కాసేపు ఆయాసం తీర్చుకుంది.

"కాదు," అంది. "కొంచెం పెద్దయితే తగ్గొచ్చని సిస్టర్ అంది. తగ్గకపోవచ్చు కూడా. మంచం దిగు, దుప్పటి కావాలి."

నస్సోలో సణుక్కుంటూ దిగింది. ఇద్దరూ చెరో అంచు పట్టుకుని దుప్పటి తీశారు. దులపకుండా, లోపలివైపుకి మడుచుకుంటూ, బయటికి తీసుకెళ్లారు.